పాఠం 9: విమాన దూరం – ప్రయాణ కాలం

ఈ పాఠం చదివిన తరువాత మీరు

• రెండు దూరపు నగరాల మధ్య విమాన దూరాన్ని ఎలా కొలుస్తారో చెప్పగలుగుతారు.
• వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు ప్రయాణ కాలం ఎందుకు మారుతుందో వివరించగలుగుతారు.
• విమాన టికెట్టు మీది సమయాలను బట్టి అసలు ప్రయాణ కాలాన్ని లెక్కకట్టగలుగుతారు.
• టికెట్టు మీది తేదీని తప్పు లేకుండా అర్థం చేసుకోగలుగుతారు.

9.1 పరిచయం

మీరు ఉదయం 6 గంటలకు హైదరాబాదులో బస్సు ఎక్కి 11 గంటలకు విజయవాడలో దిగారనుకుందాం. ప్రయాణానికి ఎంతసేపు పట్టింది? 11లోంచి 6 తీసేస్తే 5 గంటలు. ఈ లెక్కకు కాగితం, కలం అవసరం లేదు. రెండు ఊళ్ళలోనూ గడియారాలు ఒకే సమయం చూపిస్తాయి కాబట్టి ఇది ఇంత సులభమైంది.

ఇప్పుడు ముంబయి నుంచి లండన్‌కు వెళ్ళివచ్చే ఒక టికెట్టు చూడండి. ఇది లెక్క కోసం మనం రాసుకున్న టికెట్టు.

వెళ్ళేటప్పుడు: ముంబయిలో బయలుదేరడం – జనవరి 10, 13:15. లండన్ చేరడం – జనవరి 10, 17:30.
వచ్చేటప్పుడు: లండన్‌లో బయలుదేరడం – జనవరి 25, 21:30. ముంబయి చేరడం – జనవరి 26, 11:45.

విమాన టికెట్ల మీద సమయాన్ని 24 గంటల పద్ధతిలో రాస్తారు. 13:15 అంటే మధ్యాహ్నం ఒంటిగంటం పావు. 21:30 అంటే రాత్రి తొమ్మిదిన్నర.

బస్సు లెక్క లాగే తీసివేస్తే వెళ్ళడానికి 4 గంటల 15 నిమిషాలు, రావడానికి 14 గంటల 15 నిమిషాలు వస్తుంది. దారి ఒకటే, విమానమూ దాదాపు ఒకటే. మరి రావడానికి మూడు రెట్లకు మించి కాలం ఎలా పడుతుంది? పట్టదు. ఇక్కడ తీసివేతలో తప్పు లేదు. రెండు వేర్వేరు గడియారాలు చూపిన సమయాలను ఒకే గడియారం చూపినట్లుగా తీసివేయడమే తప్పు. ఈ చిక్కును విడదీయడానికి మనకు మూడు విషయాలు తెలియాలి: దూరం, వేగం, గడియారాల తేడా. ఒక్కొక్కటిగా తెలుసుకుందాం.

9.2 దూరాన్ని ఎలా కొలుస్తారు?

గోడకు వేలాడే ప్రపంచ పటం చదునుగా ఉంటుంది. భూమి మాత్రం గుండ్రంగా ఉంటుంది. అందువల్ల పటం మీద స్కేలు పెట్టి గీసిన గీత దూరపు నగరాల మధ్య అతి దగ్గరి దారి కాకపోవచ్చు.

కృత్యం: ఒక గ్లోబు తీసుకోండి. ముంబయి మీద దారం ఒక కొసను, లండన్ మీద రెండో కొసను పెట్టి దారాన్ని బిగుతుగా లాగండి. దారం ఎటు సర్దుకుంటే అదే ఆ రెండు నగరాల మధ్య అతి దగ్గరి దారి. గ్లోబు లేకపోతే ఒక బంతి మీద రెండు చుక్కలు పెట్టి చేసి చూడండి.

ఆ దారాన్ని అదే దిశలో భూమి చుట్టూ తిప్పి మొదలుపెట్టిన చోటికే తెస్తే ఒక పూర్తి వృత్తం ఏర్పడుతుంది. అది భూగోళాన్ని సరిగ్గా రెండు సమాన భాగాలు చేస్తుంది. దీనిని మహావృత్తం అంటారు. భూమధ్యరేఖ కూడా ఒక మహావృత్తమే.

మహావృత్తం చుట్టుకొలత సుమారు 40,000 కి.మీ. వృత్తంలో 360 డిగ్రీలు ఉంటాయి. కాబట్టి

ఒక డిగ్రీకి దూరం = 40,000 ÷ 360 = సుమారు 111 కి.మీ.

ఈ 111 అనే సంఖ్యను గుర్తుపెట్టుకోండి. ముంబయికి, లండన్‌కు మధ్య మహావృత్తం మీద ఉన్న కోణం సుమారు 65 డిగ్రీలు.

65 × 111 = 7,215

అంటే ముంబయి – లండన్ విమాన దూరం సుమారు 7,200 కి.మీ.

ఈ దారి ఏ దేశాల మీదుగా పోతుందో గ్లోబు మీద గమనించండి. ముంబయి నుంచి వాయవ్యంగా బయలుదేరి, గుజరాత్ తీరం దాటి, కరాచీకి దగ్గరగా పోతుంది. అక్కడి నుంచి ఇరాన్, కాస్పియన్ సముద్రం నైరుతి మూల, కాకసస్ పర్వతాలు, నల్లసముద్రం, మధ్య ఐరోపా మీదుగా లండన్ చేరుతుంది.

మీకు తెలుసా? 1932లో లండన్ నుంచి ఉత్తరాలు విమానంలో కరాచీ వరకు వచ్చేవి. వాటిని అక్కడి నుంచి ముందుకు తెచ్చే పనిని ఆ సంవత్సరం అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా మొదలుపెట్టారు. చిన్న విమానాన్ని తానే నడుపుతూ కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయి చేరారు. 1948 జూన్ 8న ‘మలబార్ ప్రిన్సెస్’ అనే ఎయిర్ ఇండియా విమానం బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరింది. కైరోలో, జెనీవాలో ఆగుతూ జూన్ 10న లండన్ చేరింది. ఇప్పుడు అదే దూరాన్ని విమానాలు ఎక్కడా ఆగకుండా ఒక్క పూటలో దాటుతున్నాయి.

పాఠ్యగత ప్రశ్న 9.1: హైదరాబాదుకు, దుబాయికి మధ్య మహావృత్తం మీద కోణం సుమారు 23 డిగ్రీలు. రెండింటి మధ్య విమాన దూరం ఎంత?

9.3 వేగం – గాలి

కాలం = దూరం ÷ వేగం. ఈ సూత్రం మీరు ఇంతకు ముందే నేర్చుకున్నారు. పెద్ద జెట్ విమానం ఆకాశంలో గంటకు సుమారు 850 కి.మీ. వేగంతో పోతుందనుకుందాం. గాలి లేకపోతే 7,200 కి.మీ. పోవడానికి 8 గంటల 28 నిమిషాలు పడుతుంది.

కానీ గాలి లేకుండా ఉండదు. భూమికి 9 నుంచి 12 కి.మీ. ఎత్తులో పడమర నుంచి తూర్పుకు బలమైన గాలులు వీస్తుంటాయి. వీటిని జెట్ ప్రవాహాలు అంటారు. చలికాలంలో ఉత్తర భారతదేశం మీదుగా కూడా ఇవి వీస్తాయి. దూరప్రయాణ విమానాలు ఎగిరే ఎత్తు కూడా ఇదే.

గోదావరిలో పడవ నడిపేవారికి ఈ సంగతి కొత్త కాదు. ఏటికి ఎదురు పోతే ఆలస్యం, వాలుకు పోతే తొందర. విమానానికి గాలి అటువంటిదే. దారి పొడవునా సగటున గంటకు 50 కి.మీ. గాలి ఉందనుకుందాం.

ఉదాహరణ 1

ముంబయి నుంచి లండన్‌కు (ఎదురుగాలి): నేల మీద లెక్కించే వేగం 850 – 50 = 800 కి.మీ. కాలం 7,200 ÷ 800 = 9 గంటలు.
లండన్ నుంచి ముంబయికి (వాలుగాలి): వేగం 850 + 50 = 900 కి.మీ. కాలం 7,200 ÷ 900 = 8 గంటలు.

దీనికి మరికొంత కలపాలి. విమానం గేటు నుంచి కదిలి రన్‌వే చేరడానికి, నెమ్మదిగా పైకి ఎక్కడానికి, చివర దిగి ఆగడానికి, దారిలో కొద్దిపాటి వంపులకు కలిపి ముప్పావు గంట అనుకుంటే వెళ్ళడానికి 9 గంటల 45 నిమిషాలు, రావడానికి 8 గంటల 45 నిమిషాలు అవుతుంది. పోయేటప్పటికీ వచ్చేటప్పటికీ అసలు తేడా గంట మాత్రమే.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతున్నది కదా! విమానం పైకి లేచి ఊరికే నిలబడితే లండన్ దానంతటదే కిందికి రాదా? రాదు. భూమితో పాటు దాని చుట్టూ ఉన్న గాలి కూడా తిరుగుతుంది, ఆ గాలిలో ఉన్న విమానమూ తిరుగుతుంది. నడుస్తున్న రైలు పెట్టెలో మీరు ఇంజను వైపు నడిచినా, గార్డు వైపు నడిచినా ఒకే శ్రమ కదా, ఇదీ అంతే. ప్రయాణ కాలాన్ని మార్చేది గాలి వీచే తీరు. భూమి తిరుగుతున్నందువల్ల లండన్ మనకు దగ్గర కాదు.

9.4 దగ్గరి దారి మూసుకుపోతే

ప్రతి దేశానికీ తన నేల మీద ఉన్నట్లే తన నేలకు పైన ఉన్న ఆకాశం మీద కూడా హక్కు ఉంటుంది. దానిని గగనతలం అంటారు. అనుమతి లేకుండా ఇతర దేశాల విమానాలు అందులోకి రాకూడదు.

మనం గ్లోబు మీద దారంతో చూసిన దారి పాకిస్తాన్ మీదుగా పోతుంది. 2019 ఫిబ్రవరి చివరలో పాకిస్తాన్ తన గగనతలాన్ని మూసివేసి, జులైలో పూర్తిగా తెరిచింది. 2025 ఏప్రిల్‌లో భారతీయ విమానాలకు మళ్ళీ మూసింది. భారతదేశం కూడా పాకిస్తాన్ విమానాలకు తన గగనతలాన్ని మూసింది. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైనప్పుడు ఉక్రెయిన్ గగనతలాన్ని పౌర విమానాలకు మూసివేశారు. ఇలాంటి సమయాల్లో విమానం చుట్టూ తిరిగి పోవాలి. దూరం పెరుగుతుంది, ఇంధనం ఎక్కువ కాలుతుంది, ప్రయాణ కాలం పెరుగుతుంది. ఢిల్లీ వంటి ఉత్తరాది నగరాల నుంచి పడమటికి పోయే విమానాలకు ఈ భారం ఎక్కువ.

కొన్నిసార్లు విమానమే కావాలని చుట్టు దారి పడుతుంది. ఢిల్లీ నుంచి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు మహావృత్త దూరం సుమారు 12,400 కి.మీ. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఈ విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి మార్చి, పసిఫిక్ మహాసముద్రం మీదుగా తూర్పుకు నడిపింది. ఆ దారి సుమారు 15,300 కి.మీ., పాత దారికన్నా 1,400 కి.మీ. ఎక్కువ. అయినా సుమారు పద్నాలుగున్నర గంటల్లోనే, పాత దారి కన్నా తొందరగా చేరింది. కారణం మీకిప్పుడు తెలుసు. పాత దారిలో ఎదురుగాలి, కొత్త దారిలో వాలుగాలి. కాబట్టి దూరాన్ని మాత్రమే చూసి కాలం చెప్పకూడదు.

పాఠ్యగత ప్రశ్న 9.2: దూరం 3,600 కి.మీ. విమాన వేగం గంటకు 900 కి.మీ. గాలి వేగం గంటకు 100 కి.మీ. ఎదురుగాలిలో ఎంతసేపు పడుతుంది? వాలుగాలిలో ఎంతసేపు పడుతుంది?

9.5 గడియారాల తేడా

భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు, ఒక డిగ్రీకి 4 నిమిషాలు. తూర్పున ఉన్నవారికి సూర్యుడు ముందుగా కనిపిస్తాడు. ప్రతి ఊరూ తన సూర్యుణ్ణి బట్టి గడియారం పెట్టుకుంటే రైళ్ళూ విమానాలూ నడపడం సాధ్యం కాదు. అందుకే దేశమంతటికీ ఒక రేఖాంశాన్ని ఎంచుకొని దానిని బట్టి ప్రామాణిక కాలం నిర్ణయిస్తారు.

మన దేశానికి ఆ రేఖాంశం 82½ డిగ్రీల తూర్పు. ఇది మన కాకినాడకు సమీపంగా పోతుంది. లండన్ శివారులోని గ్రీనిచ్ మీదుగా పోయే రేఖాంశం సున్నా డిగ్రీలు.

82½ × 4 = 330 నిమిషాలు = 5 గంటల 30 నిమిషాలు

అందుకే మన గడియారం గ్రీనిచ్ కాలం కన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. ముంబయి సుమారు 73 డిగ్రీల రేఖాంశం మీద ఉంది. కాకినాడలో సూర్యుడు నడినెత్తికి వచ్చిన దాదాపు 38 నిమిషాల తరువాత ముంబయిలో నడినెత్తికి వస్తాడు. అయినా రెండు ఊళ్ళ గడియారాలూ ఒకటే సమయం చూపిస్తాయి. ప్రామాణిక కాలం అంటే ఇదే.

కొన్ని దేశాల కాలం మన కాలంతో పోల్చి చూడండి:

శ్రీలంక – తేడా లేదు
నేపాల్ – మన కన్నా 15 నిమిషాలు ముందు
బంగ్లాదేశ్, భూటాన్ – 30 నిమిషాలు ముందు
పాకిస్తాన్, మాల్దీవులు – 30 నిమిషాలు వెనుక
దుబాయి – 1 గంట 30 నిమిషాలు వెనుక
లండన్ (చలికాలం) – 5 గంటల 30 నిమిషాలు వెనుక
లండన్ (వేసవి) – 4 గంటల 30 నిమిషాలు వెనుక

లండన్‌కు రెండు తేడాలు ఎందుకు? బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం గడియారాలను ఒక గంట ముందుకు, అక్టోబరు చివరి ఆదివారం ఒక గంట వెనక్కు తిప్పుతారు. మన దేశంలో ఈ పద్ధతి లేదు.

9.6 టికెట్టు లెక్క

ఇప్పుడు మొదటి టికెట్టుకు తిరిగి వద్దాం. లెక్కలో మూడు మెట్లు ఉన్నాయి.

మొదటి మెట్టు: రెండు దేశాల మధ్య కాలం తేడా చూడండి.
రెండో మెట్టు: పరాయి దేశపు సమయాన్ని మన సమయంలోకి మార్చండి. ఆ దేశం వెనుక ఉంటే తేడాను కలపండి, ముందు ఉంటే తీసివేయండి.
మూడో మెట్టు: ఇప్పుడు రెండూ మన సమయాలే. చేరిన సమయంలోంచి బయలుదేరిన సమయం తీసివేయండి.

ఉదాహరణ 2 (వెళ్ళేటప్పుడు)
లండన్ చేరే సమయం 17:30. జనవరి చలికాలం కాబట్టి తేడా 5:30.
మన సమయంలో 17:30 + 5:30 = 23:00.
ప్రయాణ కాలం 23:00 – 13:15 = 9 గంటల 45 నిమిషాలు.

ఉదాహరణ 3 (వచ్చేటప్పుడు)
లండన్‌లో బయలుదేరే సమయం జనవరి 25, 21:30.
మన సమయంలో 21:30 + 5:30 = 27:00. 24 గంటలు దాటింది కాబట్టి 24 తీసివేసి తేదీ మార్చాలి. అంటే జనవరి 26, 03:00.
ప్రయాణ కాలం 11:45 – 03:00 = 8 గంటల 45 నిమిషాలు.

ఉదాహరణ 1లో గాలిని బట్టి మనకు వచ్చిన జవాబులూ ఇవే.

సరిచూసుకునే పద్ధతి: కాలం తేడా తెలియకపోయినా మొత్తం సరిచూడవచ్చు. తప్పు లెక్కలో వచ్చిన 4:15, 14:15 కలిపితే 18:30. సరైన జవాబులు 9:45, 8:45 కలిపినా 18:30. ఎందుకంటే వెళ్ళేటప్పుడు గడియారంలో మిగిలినట్లు కనిపించిన ఐదున్నర గంటలు వచ్చేటప్పుడు పోయినట్లు కనిపిస్తాయి. నిజానికి మిగిలిందీ లేదు, పోయిందీ లేదు. అయితే రెండు ప్రయాణాల మధ్య బ్రిటన్‌లో గడియారం మార్చి ఉంటే ఈ పద్ధతి పనికిరాదు.

9.7 అర్ధరాత్రి తేదీ – జాగ్రత్త

విదేశాలకు పోయే విమానాలు చాలా అర్ధరాత్రి దాటాక బయలుదేరుతాయి. తేదీ అర్ధరాత్రి 12 గంటలకే మారుతుంది. మన ఇళ్ళలో మాత్రం తెల్లవారే దాకా నిన్నటి రాత్రి కిందే లెక్క. ఇక్కడే పొరపాటు జరుగుతుంది.

టికెట్టు మీద “11వ తేదీ, 00:40” అని ఉందనుకోండి. అది 10వ తేదీ రాత్రి భోజనాల తరువాత వచ్చే పన్నెండు గంటల నలభై నిమిషాలు. “విమానం 11న కదా, 11 రాత్రి పోదాం” అనుకుంటే విమానం అప్పటికి దాదాపు ఒక రోజు ముందే వెళ్ళిపోయి ఉంటుంది. చాలా టికెట్లకు ఆ డబ్బు తిరిగి రాదు. కొత్త ఉద్యోగంలో చేరవలసిన వారికి, వీసా గడువు ముగుస్తున్న వారికి నష్టం ఇంకా ఎక్కువ.

విదేశీ ప్రయాణానికి సాధారణంగా మూడు గంటలు ముందుగా విమానాశ్రయం చేరాలి. 11వ తేదీ 00:40 విమానానికి 10వ తేదీ రాత్రి 9:40కే అక్కడ ఉండాలి. ఊరి నుంచి బస్సుకో రైలుకో పట్టే సమయం వేరుగా కలుపుకోండి.

మరికొన్ని విషయాలు గుర్తుంచుకోండి:

• చేరే సమయం పక్కన “+1” అని ఉంటే మరుసటి రోజు చేరుతుందని అర్థం. స్టేషనుకు మనిషి వచ్చినట్లు విమానాశ్రయానికి మీ కోసం వచ్చేవారికి ఆ తేదీయే చెప్పండి.
• మధ్యలో విమానం మారవలసి వస్తే, అక్కడ దిగే సమయం, మళ్ళీ ఎక్కే సమయం రెండూ ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటాయి. కాబట్టి మామూలుగా తీసివేస్తే చాలు.
• ఇన్సులిన్ వంటి మందులు వేళకు తీసుకునేవారు, గడియారం మారినప్పుడు ఎన్ని గంటలకొకసారి వేసుకోవాలో బయలుదేరక ముందే డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

9.8 మీరు నేర్చుకున్నవి

దూరపు నగరాల మధ్య దూరాన్ని మహావృత్తం మీద కొలుస్తారు. ఒక డిగ్రీకి 111 కి.మీ. గాలి, గగనతలాల మూసివేత ప్రయాణ కాలాన్ని మారుస్తాయి. టికెట్టు మీద ప్రతి సమయం ఆయా ఊరి గడియారం ప్రకారమే రాస్తారు. రెండు సమయాలనూ ఒకే గడియారంలోకి మార్చిన తరువాతనే తీసివేయాలి.

9.9 అభ్యాసం

1. ఒక విమానం హైదరాబాదులో 10:00కు బయలుదేరి దుబాయి సమయం 12:15కు చేరింది. ప్రయాణ కాలం ఎంత? దూరం 2,550 కి.మీ. అయితే సగటు వేగం ఎంత?
2. ఢిల్లీలో 14:00కు బయలుదేరిన విమానం నేపాల్ సమయం 16:00కు ఖాట్మండు చేరింది. ప్రయాణ కాలం ఎంత?
3. ముంబయిలో 13:15కు బయలుదేరే విమానానికి జులై నెలలో కూడా 9 గంటల 45 నిమిషాలే పడితే లండన్‌లో ఎన్ని గంటలకు దిగుతుంది?
4. టికెట్టు మీద “5వ తేదీ, 02:10” అని ఉంది. మూడు గంటల ముందు చేరాలంటే ఏ తేదీన, ఎన్ని గంటలకు విమానాశ్రయంలో ఉండాలి?
5. మీ ఊళ్ళో విదేశం వెళ్ళివచ్చిన వారి టికెట్టు ఒకటి అడిగి తీసుకొని, పోను రాను అసలు ప్రయాణ కాలాలు లెక్కకట్టండి. రెండింటిలో ఏది ఎక్కువ? కారణం ఏమై ఉంటుంది?

సమాధానాలు

పాఠ్యగత ప్రశ్న 9.1: 23 × 111 = 2,553. సుమారు 2,550 కి.మీ.
పాఠ్యగత ప్రశ్న 9.2: ఎదురుగాలిలో 3,600 ÷ 800 = 4 గంటల 30 నిమిషాలు. వాలుగాలిలో 3,600 ÷ 1,000 = 3 గంటల 36 నిమిషాలు.
అభ్యాసం:
1. మన సమయంలో చేరింది 13:45. ప్రయాణ కాలం 3 గంటల 45 నిమిషాలు. సగటు వేగం గంటకు 680 కి.మీ. (నేల మీద కదిలే సమయం, పైకి ఎక్కి దిగే సమయం కూడా ఇందులో ఉన్నాయి కాబట్టి వేగం తక్కువగా కనిపిస్తుంది.)
2. మన సమయంలో చేరింది 15:45. ప్రయాణ కాలం 1 గంట 45 నిమిషాలు.
3. మన సమయంలో 23:00. వేసవి తేడా 4:30 తీసివేస్తే లండన్‌లో 18:30.
4. 4వ తేదీ రాత్రి 11:10 గంటలకు.